లెక్కకు రాని పుస్తకాలు

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కంప్యూటరుతో పేచీ ఏమిటని మీరడగవచ్చు. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను. దానికీ నాకూ ఉన్న సంబంధమల్లా, మార్కుల జాబితాలు ఎక్కించేటప్పుడు నేను దాన్ని తిట్టడం, అది నన్ను లక్ష్యపెట్టకపోవడం. అటువంటివాణ్ణి మూడు నెలలపాటు దాని ముందు కూచోబెట్టినవి మా మాస్టారి చెప్పుల పెట్టెలు.

చెప్పుల పెట్టెలంటే చెప్పులున్నవి కావు. చెప్పులు కొన్నప్పుడు అంగడివాడిచ్చే అట్టపెట్టెలు. అటువంటివి పందొమ్మిది. వాటినిండా కార్డులు. ఎం.ఏ.లో మాకు పాఠం చెప్పిన మాస్టారు, నలభై ఏళ్ళపాటు తాను స్వయంగా చేతపట్టి చూసిన ప్రతి తెలుగు గ్రంథానికీ ఒక కార్డు రాసుకున్నారు. కవి పేరు, గ్రంథం పేరు, అచ్చు వేసినవారు, సంవత్సరం, పుటలెన్ని, ఎక్కడ చూశారు. చూడనిది రాయలేదు. “చూడని పుస్తకాన్ని సూచిలో చేర్చడం, వెళ్ళని ఊరికి దారి చెప్పడం లాంటిదోయ్” అనేవారు క్లాసులో.

ఇప్పుడు ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. చూపు బాగా మందగించింది. ఆ సూచిని అచ్చులో ఒకసారి చేత్తో తడిమి చూడాలని ఆయన కోరిక. పైకి అనలేదు. అమ్మగారు అన్నారు.

శిష్యులం ఏడుగురం పెట్టెలు పంచుకుని, కార్డులు ఇంగ్లీషు అక్షరాల్లో కంప్యూటరులోకి ఎక్కించాం. మాలో ఒకడు ఇంజనీరింగు కాలేజీలో పనిచేస్తున్నాడు. శాస్త్రజ్ఞులందరూ వాడే పద్ధతి ఒకటున్నదనీ, దాని పేరు బిబ్‌టెక్స్ అనీ, అందరూ ఆ పద్ధతిలోనే రాయాలనీ వాడే శాసించాడు. రాశాం. ఏడు దస్త్రాలూ కలిపి ఒకటి చేసి, మాస్టారున్న ఊళ్ళోనే ఉన్నాను గనుక నా నెత్తిన పెట్టారు.

ఈ బిబ్‌టెక్స్ కథ కొంచెం చెప్పాలి. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికా ఆచార్యుడు 1977లో తన గ్రంథం కొత్త కూర్పు ప్రూఫులు చూసుకుని, అచ్చు ఇంత అనాకారిగా ఉన్నదేమిటని నొచ్చుకుని, అక్షరాలు పేర్చే విద్యను తానే కంప్యూటరుకు నేర్పబూనాడు. దాని పేరు టెక్. దానిమీద లెస్లీ లాంపోర్ట్ అనే ఆయన లేటెక్ అని మేడ కట్టాడు. 1985లో ఓరెన్ పటాష్నిక్, లాంపోర్ట్ కలిసి ఆ మేడలో గ్రంథసూచికొక గది వేశారు. అదే బిబ్‌టెక్స్. నలభై ఏళ్ళు దాటినా శాస్త్రజ్ఞులు ఇంకా ఆ గదిలోనే కాపురం ఉంటున్నారు.

అందులో ఒక్కొక్క గ్రంథానికీ ఒక పద్దు. ముందు ఈ-మెయిలు చిరునామాల్లో కనిపించే చుట్ట గుర్తు. దాని పక్కన, ఇది పుస్తకమా, పత్రికలో వ్యాసమా, పరిశోధన గ్రంథమా అని చెప్పే మాట. తరువాత, మన పిల్లలు బళ్ళో ఫ్లవర్ బ్రాకెట్టు అంటారే, అది తెరవాలి. అందులో మొదట ఆ పద్దుకొక గుర్తు, దాన్ని కీ అంటారు. కామా. రచయిత సమానం ఫలానా. కామా. శీర్షిక సమానం ఫలానా. కామా. సంవత్సరం సమానం ఫలానా. చివర బ్రాకెట్టు మూయాలి. అంతే. మా మాస్టారి కార్డుకూ దీనికీ తేడా, బ్రాకెట్టూ కామాలూ మాత్రమే.

ఇలా రాసినదాన్ని కంప్యూటరు చదివి, ఏది పేరో ఏది సంవత్సరమో విడదీసుకోవాలి. ఆ విడదీయడాన్ని పార్సింగ్ అంటారని మా అమ్మాయి చెప్పింది. ఇంజనీరింగు చదువుతున్నది. నాకు నవ్వు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా నేను క్లాసులో చేస్తున్నది అదేగదా! పద్యాన్ని పదాలుగా విరిచి, కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఎక్కడున్నదని వెతకడం. మనం పదవిభాగం అంటాం, వాళ్ళు పార్సింగ్ అంటారు.

“ఒక్క సాయంత్రం పని నాన్నా” అన్నది అమ్మాయి.

మొదట సొంత తెలివి ఉపయోగించింది. కామా ఉన్న ప్రతిచోటా కత్తిరించమని కంప్యూటరుతో చెప్పింది. తీరా చూస్తే పుస్తకం పేరులోనే కామా ఉన్న చోట పేరు రెండు ముక్కలైంది. బ్రాకెట్టులో బ్రాకెట్టు ఉన్నచోట మరీ అన్యాయం. చీర కొలిచి కత్తిరించకుండా, మడత కనిపించిన చోటల్లా కత్తెర వేస్తే ఏమవుతుందో అదే అయింది.

అప్పుడు పైథాన్ అనే భాషలో ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ ఒకటి తెచ్చింది. పైథాన్ అంటే కొండచిలువే గాని, ఈ భాషకా పేరు పెట్టింది పామును చూసి కాదట. గీడో వాన్ రాస్సం అనే డచ్చి ఆయన 1991లో దీన్ని లోకం మీదికి వదిలాడు. మాంటీ పైథాన్ అని బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన హాస్య కార్యక్రమం ఆయనకిష్టమట, అందుకని ఆ పేరు. ఇక లైబ్రరీ అంటే మన గ్రంథాలయం కాదు. ఒకరు రాసిపెట్టిన పనిముట్ల సంచి. ప్రతివాడూ మళ్ళీ సుత్తి పోతపోసుకోనక్కరలేకుండా సంచి తెచ్చుకుని వాడుకోవచ్చు. ఈ సంచి పేరు బిబ్‌టెక్స్‌పార్సర్.

నిజంగానే ఒక్క సాయంత్రం పట్టింది. అమ్మాయి నాలుగు వరుసలు రాసి మీట నొక్కింది. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల ఒక్కొక్క పద్దూ ఒక్కొక్క చిన్న నిఘంటువై కూచున్నది. నేను కవిత్వం చెప్పడం లేదు. పైథాన్‌లో అటువంటిదాన్ని డిక్షనరీ అనే అంటారు. ‘రచయిత’ అని అడిగితే రచయిత పేరు, ‘సంవత్సరం’ అని అడిగితే సంవత్సరం చెపుతుంది. ముత్యాల్లాంటి వరుసల్లో పొత్తం తయారైంది. కాగితం మీద తీసుకుని మరుసటి ఆదివారం మాస్టారింటికి వెళ్ళాను, చంకలో కట్ట, మొహాన గర్వం.

మాస్టారు పడక కుర్చీలో ఉన్నారు. “చదవవోయ్” అన్నారు.

ఇంటిపేర్ల వరుసన అకారాది. చదువుతూ పోయాను. విశ్వనాథవారి దగ్గరకు వచ్చేసరికి విశ్వనాథవారు లేరు. వెతగ్గా వెతగ్గా ‘స’ కింద, సత్యనారాయణ అనే ఇంటిపేరుతో, విశ్వనాథ అనే పేరుతో కూచుని ఉన్నారు. ‘అ’ కింద అప్పారావుగారు, పేరు గురజాడ. కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘వ’లోకి కాపురం మార్చారు. అన్నిటికీ మించి ‘క’ కింద కవులు అనే ఇంటిపేరుగల తిరుపతి వేంకట అనే పెద్దమనిషి ఒకరు తేలాడు!

మాస్టారు కడుపుబ్బ నవ్వారు. ఆయన అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో అని అమ్మగారు వంటింటిలోంచి తొంగి చూశారు. “జంటకవుల్ని ఒకణ్ణి చేసి, వాడికి కవులని ఇంటిపేరు పెట్టిందీ మీ యంత్రం? అవధానంలో కూడా వాళ్ళకింత కష్టమైన సమస్య రాలేదోయ్!”

తప్పు యంత్రానిది కాదు. ఆ పద్ధతి పుట్టిన దేశంలో ఇంటిపేరు చివర వస్తుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పేరులో కామా లేకపోతే చివరి మాటే ఇంటిపేరని దాని నియమం. ‘విశ్వనాథ’ తరువాత ఒక్క కామా పెడితే, కామాకు ముందున్నది ఇంటిపేరని గ్రహిస్తుంది. ఇద్దరు రచయితలుంటే మధ్య ‘అండ్’ అనే ఇంగ్లీషు మాట పెట్టాలి. అప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు వేరువేరు మనుషులై, ఎవరి ఇంటిపేరు వారికి దక్కుతుంది. మా ఏడుగురిలో ఇద్దరు కామా పెట్టారు, ఐదుగురం పెట్టలేదు. నేను ఐదుగురిలోవాణ్ణి.

ఇది నవ్వుకోదగిన తప్పు. కనిపించే తప్పు. దిద్దుకుంటే పోతుంది. లేవబోతుంటే మాస్టారు అడిగారు:

“మొత్తం ఎన్నోయ్?”

“2,275 మాస్టారూ.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “కాదు. 2,316.”

“పొరపాటు పడుతున్నారేమో…”

“కళ్ళు పోయాయి గాని లెక్క పోలేదు. ప్రతి సంక్రాంతికీ పెట్టెలు దులిపి కార్డులు లెక్కపెట్టేవాణ్ణి. కావలిస్తే మీ అమ్మగారినడుగు. తక్కినవి 41 ఏవి?”

పెద్దవారు, మరిచిపోయి ఉంటారనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ మాట రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గు వేస్తున్నది. కంప్యూటరు చెప్పిన లెక్క తప్పు కావచ్చునని నాకు తోచనే లేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి లెక్క తప్పు కావచ్చునని మాత్రం వెంటనే తోచింది.

అమ్మాయి నా మాట వినలేదు. “లెక్క పెడితే పోయేదేముంది నాన్నా?” అన్నది. లైబ్రరీని పక్కకు పెట్టి, దస్త్రంలో చుట్ట గుర్తుతో మొదలయ్యే వరుసలెన్నో లెక్కపెట్టమన్నది. 2,322. అందులో 6 పద్దులు కావు. వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ లాంటి పొడుగాటి ప్రచురణకర్తల పేర్లను ప్రతిసారీ రాయకుండా పొట్టి పేర్లు పెట్టుకునే ఏర్పాటు. అవి తీసేస్తే?

2,316.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తప్పిపోయిన పద్దుల కోసం రెండు రాత్రులు వెతికాం. మూడు దారుల్లో పోయాయి అవి.

మూడు పద్దులు జంట గుర్తుల వల్ల పోయాయి. గురజాడవారి కన్యాశుల్కం 1897లో ఒకసారి, బాగా మార్చి పెంచి రాసినది 1909లో ఒకసారి వచ్చింది. మాస్టారు రెండూ చూశారు, రెండు కార్డులు రాశారు. ఎక్కించినవాడు రెండింటికీ ఒకే కీ ఇచ్చాడు. లైబ్రరీ రెండు పద్దులనూ చదివింది గాని, కీలను బట్టి పేర్చమని అమ్మాయి అడిగినప్పుడు ఒక కీకి ఒక్క పద్దే నిలిచింది. రెండు కన్యాశుల్కాలు ఒకటయ్యాయి. ఆ రెండూ ఒకటి కావని చెప్పడానికి నేను ఏటా ఒక వారం పాఠం చెపుతాను!

ఎనిమిది పద్దులు కామాల వల్ల పోయాయి. రెండు వివరాల మధ్య ఉండవలసిన కామా లేకపోయేసరికి లైబ్రరీకి ఆ పద్దు పద్దులా కనిపించలేదు. ఎవరో పక్కన రాసుకున్న వ్యాఖ్య కాబోలనుకుని, వ్యాఖ్యల కోసం దానికొక వేరే పెట్టె ఉంటే అందులో పడేసింది. ఎవరూ ఆ పెట్టె తెరిచి చూడలేదు.

తక్కిన ముప్పై? అవన్నీ తాళపత్రాలు. బిబ్‌టెక్స్‌లో పద్దులకు కొన్ని నిర్ణీతమైన జాతులున్నాయి. పుస్తకం, వ్యాసం, చిన్న పుస్తకం, పరిశోధన గ్రంథం, అచ్చుకాని రచన, ఇలా. మాలో ఒకడు ఈ జాతులేవీ తాళపత్రానికి తగవనుకుని, సొంతంగా ‘పామ్‌లీఫ్’ అని ఒక జాతి కల్పించాడు. వాడి బుద్ధికి వంక పెట్టలేం. కాని మేము వాడిన ఆ మొదటి తరం లైబ్రరీకి, మనం వద్దని ప్రత్యేకంగా చెపితే తప్ప, తనకు తెలియని జాతి పద్దు వస్తే వదిలిపెట్టి ముందుకు పోవడం అలవాటు. ఆగదు. మనం చూసే జాబితాలో వాటి ప్రస్తావన ఉండదు.

అమ్మాయి ఆ అలవాటు మానమని ఒక్క మాట రాసింది. ముప్పై పద్దులూ తెరమీదికి వచ్చాయి. చదువుతూ పోయాను. పదిహేడో పద్దు దగ్గర నా గొంతు ఆగింది.

శతకం. కర్త తెలియదు. తాళపత్రాలు 22. మొదటి నాలుగు పత్రాలు లేవు. చూసిన చోటు దివి తాలూకాలో ఒక గ్రామం, ఒక కరణంగారి ఇల్లు. చూసిన సంవత్సరం 1975. దాని కింద మాస్టారు తరువాత చేర్చిన ఒక వరుస: “1977 ఉప్పెన తరువాత ఇల్లు లేదు, కట్ట లేదు.”

1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం వచ్చి పడిన సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. వేలకు వేలు మనుషులు పోయారు. మనుషులు పోయిన చోట తాటాకుల కట్టను ఎవరు తలుచుకుంటారు? ఆ శతకానికి నకలు లేదు. కర్త పేరు లేదు. అటువంటిదొకటి ఉండేదని చెప్పడానికి లోకంలో మిగిలింది ఒకే ఒక కార్డు. ఆ కార్డును మేము కంప్యూటరులో ఎక్కించి, భద్రం చేశామనుకుని, మా చేతులారా రెండోసారి ముంచబోయాం. ఈసారి గాలీ లేదు, వానా లేదు. చప్పుడే లేదు.

పెళ్ళి శుభలేఖల జాబితాలో ఒక మేనత్త పేరు జారిపోయిందనుకోండి. నాలుగు రోజులకైనా ఆవిడ అలుగుతుంది, కబురంపుతుంది, మనం వెళ్ళి కాళ్ళమీద పడి దిద్దుకుంటాం. పుస్తకాలకు అలగడం తెలియదు. జాబితాలో లేని పుస్తకం, తాను జాబితాలో లేనని ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ లైబ్రరీని నిందించి ప్రయోజనం లేదు. అదెవరో నలుగురికి ఉపకారంగా ఉంటుందని రాసి ఊరికే ఇచ్చినది. వదిలేయడం దాని అలవాటని వాళ్ళ పత్రంలో రాసే ఉన్నది, చదవనిది మేము. దాని రెండో తరంలో, చదవలేకపోయిన పద్దులనూ, కీ కలిసిపోయిన పద్దులనూ విడిగా ఒక పట్టీ వేసి మన ముందుంచుతున్నారు. నాకెంతో నచ్చిన మార్పు అది. అయినా ఆ పట్టీని చూడవలసిన పని మళ్ళీ మనదే.

నాకొక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఎం.ఏ.లో ఒకనాడు మాస్టారు నన్ను లేపి ప్రబంధంలో ఒక పద్యానికి అర్థం చెప్పమన్నారు. మధ్యలో ఒక సమాసం నాకు కొరుకుడు పడలేదు. దాన్ని దాటవేసి, ముందూ వెనకా అతికించి ధారాళంగా చెప్పేశాను. క్లాసంతా మెచ్చుకోలుగా చూసింది. మాస్టారు మెల్లగా అన్నారు: “తెలియనిది తెలియదని చెపితే పాఠం అక్కడ మొదలవుతుంది. దాటేస్తే అక్కడే ముగుస్తుంది. కూచో.” ఇరవై ఐదేళ్ళ తరువాత ఆ యంత్రం చేసిన పని చూసి నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే. అది నా సహపాఠి.

కామాలు పెట్టాం. కీలకు సంవత్సరాలు తగిలించాం. తాళపత్రాల జాతిని ఉంచాం. అమ్మాయి ప్రోగ్రాము చివర ఒక కొత్త వరుస చేర్చింది: దస్త్రంలో ఉన్న పద్దులెన్ని, బయటికి వచ్చిన పద్దులెన్ని, రెండూ సరిపోకపోతే పని ఆపి కేక వేయి. ఆ వరుసకు ఏదైనా పేరు పెట్టవే అంటే, ‘సంక్రాంతి’ అని పెట్టింది.

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి అమ్మాయిని కూడా తీసుకుని. మాస్టారు విశ్వనాథవారిని అడగలేదు, కన్యాశుల్కం అడగలేదు. తాళపత్రాలు చదవమన్నారు. చదివాను. దివి తాలూకా పద్దు దగ్గర ఆయన చెయ్యి ఎత్తారు. ఆగాను.

“ఆ కరణంగారి భార్య నాకు మజ్జిగ ఇచ్చిందోయ్. రెండు రోజులు వాళ్ళింట్లోనే కూచుని చదివాను. మళ్ళీ వచ్చి రాసుకుపోతానని చెప్పాను.” అంతే అన్నారు. అమ్మగారు వచ్చి ఆయన భుజం మీది కండువా సర్ది లోపలికి వెళ్ళారు.

కాసేపటికి అమ్మాయి వైపు తిరిగి, “మొత్తం ఎన్నమ్మా?” అన్నారు.

“2,316 తాతగారూ.”

“లెక్కపెట్టావా, అది చెప్పిందా?”

“రెండూ.”

మాస్టారు కుర్చీలో వెనక్కు వాలారు. “అయితే అచ్చుకివ్వండి” అన్నారు.

ఇచ్చాం. ప్రూఫులు వస్తున్నాయి. మొదటి ప్రూఫు రాగానే నేను చేసిన పని ఏమిటో మీరు ఊహించే ఉంటారు. ముందు చదవలేదు. లెక్కపెట్టాను.